తాత రెండు పేర్ల కేసు

అరిచానట. కోర్టు గుమాస్తా మీద అరిచి వచ్చానని మా వీధిలో అందరూ చెప్పుకుంటున్నారు. అరవలేదు, కోర్టు కాగితాలు అందరికీ తెరిచి ఉండాలి, మీరు పేజీలు దాస్తున్నారు అని గట్టిగా మాట్లాడానంతే. మూడోసారి వెళ్ళినప్పుడు కూడా అదే కిటికీ, అదే మనిషి, అదే ప్రశ్న: "కేసు నంబరు ఏది?" ఆ నంబరు ఏదో తెలుసుకోవడానికే కదా నీ దగ్గరికి వచ్చింది అన్నాను. నంబరు లేకపోతే ఫైలు తియ్యరు. ఫైలు తీస్తే తప్ప నంబరు తెలీదు. దీన్ని రూలు అని చెప్పే మనిషి ముందు మెల్లగా మాట్లాడగలిగేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళని నా బదులు పంపించాల్సింది.

బర్మాలో సైన్యం మళ్ళీ గద్దెనెక్కిన రెండో వానాకాలం అది. మేం మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైల్వే స్టేషన్ వెనక వీధిలో, పై అంతస్తులో ఉంటాం. కప్పు కారి, బీరువా మీద పెట్టిన రేకుపెట్టె నానిపోయింది. అందులోనే నాన్న పౌరసత్వం కార్డు ఉంది. ఫొటో చెదిరిపోయి, అక్షరాలు అలికేసినట్టయి, గులాబీరంగు అట్ట తెల్లబడిపోయింది. గులాబీ కార్డు ఉంటే పూర్తి పౌరుడు. ఆకుపచ్చ కార్డు ఉంటే, ఏదో ఉండనిచ్చాం కనుక ఉంటున్నావు అని అర్థం. అసలే కార్డు లేనివాడు వంతెన దాటలేడు. నాన్న పని తాకేటాలో, వాగుకి అవతల, లేత్ మిషన్ మీద. వంతెన దగ్గర సైనికులు కార్డూ ఫోనూ రెండూ అడుగుతారు. నానిన కార్డుతో నాన్న రెండుసార్లు దాటాడు. మూడోసారి అరగంట ఎండలో నిలబెట్టి వెనక్కి పంపారు.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో కొత్త కార్డుకి అర్జీ పెట్టాం. వాళ్ళు నాన్న పుట్టిన కాగితమూ, వార్డు ఆఫీసులో ఉన్న పాత ఇంటి జాబితా నకలూ పక్కపక్కన పెట్టి చూశారు. పుట్టిన కాగితంలో తాత పేరు తెలుగు పేరు. ఇంటి జాబితాలో బర్మా పేరు. "వీళ్ళిద్దరూ ఒకరేనని రుజువు తెండి, మూడు నెలల్లో. లేకపోతే ఆకుపచ్చ కార్డుకి రాసుకోండి" అన్నారు. నాన్నది ఆకుపచ్చ అయితే నాదీ అంతే.

రెండు పేర్లుండడం ఇక్కడి మా తెలుగువాళ్ళలో వింతేం కాదు. గుడిలో గోత్రంతో చెప్పుకోడానికి ఒకటి, బడిలోనూ ఆఫీసులోనూ ఒకటి. నాకూ ఉన్నాయి రెండు. ఇంట్లో ఎవరైనా నా బర్మా పేరు పెట్టి పిలిస్తే ఏదో తప్పు చేసి దొరికిపోయానని అర్థం.

"మా నాయనకి కోర్టు కాగితం ఉండేదే" అన్నాడు నాన్న ఆ రోజు అన్నం ముందు కూర్చుని. "రెండు పేర్లూ ఒకడివేనని జడ్జీ రాసిచ్చేడట. నాను పుట్టకముందో, పుట్టినప్పుడో. అమ్మ సెప్పేది."

"ఆ కాగితం ఏదీ?"

"పోయింది. ఏ ఇల్లు మారినప్పుడో."

"పెదనాన్నకి తెలుస్తాదా?"

నాన్న ముద్ద కలుపుతూ ఆగాడు. "అడుగు. సెప్తే నా పేరు మార్చీ."

పెదనాన్న ఉండేది తాకేటాలోనే, సందు చివర చెక్క ఇంట్లో. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వైబర్‌లో మెసేజ్ పెడితే చదివి ఊరుకున్నాడు. రెండు ఊదారంగు టిక్కులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బస్సెక్కి నేనే వెళ్ళాను.

"ఏటే గుంటా, ఎండలో పడి వచ్చేవు?"

"తాత కేసు ఏ ఏడాదిది పెదనాన్నా?"

"ఏ కేసు?"

"రెండు పేర్ల కేసు. నివ్వే తాత చెయ్యట్టుకుని కోర్టుకెళ్ళేవంట కదా."

"నాకేటి గేపకం? లాగూ ముడి ఏసుకోడం రాని గుంటడిని అప్పుడు." నా చేతిలో ఫోన్ కేసి చూశాడు. "అది రికార్డు సేస్తందా?"

"లేదు."

"అయితే లోపలెట్టు." పెట్టాను. "ఇను. ఆ కాగితం జోలికెళ్ళకు. మీ నాయనకి ఆకుపచ్చది ఇస్తే ఆకుపచ్చదే తీసుకోమను. బతకట్లేదేటి జనం?"

"నీ జేబులో ఉన్నది ఏ రంగు?"

చొక్కా జేబు మీద చెయ్యేసుకున్నాడు. గులాబీ రంగే, నాకు తెలుసు.

అక్కణ్ణుంచి బస్సులో తిరిగొస్తుంటే నా బుర్ర ఎటు పోవాలో అటే పోయింది. ఆ చెక్క ఇల్లు తాతకి సర్కారు ఇచ్చిన స్థలంలోది. ఆ కేసు ఫైల్లో స్థలం సంగతి ఏదో ఉండాలి. నాన్నకి వాటా ఉందని ఎక్కడో రాసి ఉండాలి. లేకపోతే ఒక కోర్టు కాగితం అంటే అరవయ్యేడేళ్ళ మనిషికి అంత భయమెందుకు? ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, ఫైల్లో ఒక్క ముక్క కూడా వదలకుండా మొత్తం తీయిస్తానని.

ముందు టౌన్‌షిప్ కోర్టుకెళ్ళాను. అంత పాతవి ఇక్కడుండవు, జిల్లా కోర్టు రికార్డు గదికి పోయాయన్నారు. జిల్లా కోర్టులో ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు. గేటు దగ్గర చెక్క అర, దానికి నంబరు బిళ్ళ. ఫోన్ ఆపేసి, సిమ్ తీసి పర్సులో పెట్టుకుని మరీ ఇచ్చాను. గార్డు నవ్వాడు, "నీ ఫోన్‌లో మేం చూడాల్సినంత ఏముంది?" అని. నేను ఫోన్ రిపేరు కొట్టులో పనిచేస్తాను. వంతెన దాటబోయే ముందు జనం నా దగ్గరికొచ్చి ఫోన్లు శుభ్రం చేయించుకుంటారు. తుడిచేసిన బొమ్మ నిజంగా పోదని, వెతికేవాడికి దొరుకుతుందని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? నేను నవ్వలేదు.

రికార్డు గది గుమాస్తాకి యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు ఒక కాడ దారంతో కట్టి ఉంది. పరాయి పిల్లని కూడా కూతురా అన్నట్టు "తమీ" అని పిలిచాడు. నంబరు లేకపోతే సంవత్సరం, పార్టీ పేరు రాసి వెతకమని అర్జీ పెట్టుకోవచ్చన్నాడు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే నేను గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. నాన్న పుట్టిన ఏడూ, దాని ముందరిదీ రాసిచ్చాను. తాత బర్మా పేరు కింద వెతికాడు, లేదు. తెలుగు పేరు కింద వెతికాడు, లేదు. పేపరు మడతలో డబ్బు కవరు పెట్టి అతని వైపు జరిపాను. ఇక్కడ టీ ఖర్చు అంటే అందరికీ తెలుసు. అతను పేపరు విప్పకుండానే వెనక్కి జరిపాడు.

నాకు అప్పుడు పట్టుకుంది అసలు అనుమానం. తీసుకున్నవాడు మనకి లోబడతాడు. తీసుకోనివాడు ఎవరి మనిషి?

గేటు బయట ఫోన్ తీసుకుని ఆన్ చేసి, నాలుగు తెలుగు తిట్లు తిట్టుకుంటూ నడుస్తుంటే గోడవార నుంచి ఎవరో అన్నారు.

"తిట్టుకి మాత్రం మన బాసే కావాల గదమ్మీ!"

ప్లాస్టిక్ పట్టా కింద టైపు మిషను పెట్టుకున్న ముసలాయన, అర్జీలు టైపు చేసేవాడు. గంజాం వాళ్ళట. ఒడియా కూడా వచ్చు. స్టూలు చూపించి కూర్చోమన్నాడు. కూర్చోలేదు. కోర్టు గేటు ముందు పొద్దస్తమానం కూర్చుని ఎవరొస్తున్నారు, ఏం అడుగుతున్నారు అని చూసే మనిషి దలాన్ కాకపోతే ఇంకేమవుతాడు? ఆ రోజుల్లో వీధికొకడున్నాడు దలాన్, చూసిందల్లా మోసుకెళ్ళి చెప్పేవాడు.

"ఏటి పని?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే మూడు వారాలు తిరుగుతారేటి? కాగితం దొరకలేదు. అవునా?"

లెక్కపెట్టి చూస్తున్నాడు నా రాకపోకలు. అయినా నోరు ఊరుకోదు కదా. చెప్పాను, సగం.

"మీ ఇంటిపేరేటి?"

"ఎందుకు?"

"ఓలమ్మో, పెళ్ళిసంబందం తేనులే. సెప్పు." చెప్పకుండా నిలబడ్డాను. ఆయన నవ్వి టైపు మిషను మీద గుడ్డ తీశాడు. "సెప్పకు పోనీ. మీ తాత జడ్జీ ముందు నిల్చున్నాడనుకో. నీ పేరేటని అడిగితే ఏటంటాడు? మనోళ్ళం ఏటంటాం?"

"ఇంటిపేరు చెప్పి, తర్వాత పేరు చెప్తాం."

"మరి ఈ బర్మావోళ్ళకి ఇంటిపేర్లున్నాయా? ముందు ఏ మాటొస్తే అదే పేరనుకుంటారు. ఎనకాల వచ్చింది తండ్రి పేరనుకుంటారు. మీ ఇంటిపేరు ఏ అచ్చరమో ఆ అచ్చరం కింద సూడమను. ఇలగ ఎంతమంది మనోళ్ళు రిజిస్టర్లో తప్పిపోయేరో."

అర్జీ ఆయన చేతే టైపు చేయించాను. ఒక్కో వరుసా చదివి గానీ సంతకం పెట్టలేదు. బర్మా అక్షరాల మీద వేలు పెట్టి చదువుతుంటే ఆయనకి కోపం రాలేదు.

"సదువుకో, బాగా సదువుకో. సదవకుండా సంతకమెట్టినోళ్ళే నా కాడికి మళ్ళీ ఏడుస్తూ వస్తారు."

"ఇక్కడ ఉత్తర్వు నకలు అని కొట్టేవు తాతా. మొత్తం ఫైలు అని కొట్టు."

"కార్డుకి ఉత్తర్వు సాలమ్మీ."

"మొత్తం. కాగితం ఎన్ని పేజీలుంటే అన్నీ."

ఎందుకు వద్దంటున్నాడు? నాకు అదే ధ్యాస. ఆయన భుజాలెగరేసి, కొట్టేసి, మళ్ళీ టైపు చేశాడు.

ఇంటిపేరు అక్షరం కింద ఉంది తాత. రిజిస్టర్లో వేలు ఆగిన చోట గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, నంబరు చదివాడు. ఫోన్ లేదు, ఫొటో తీసుకోలేను. అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. నాలుగు రోజుల తర్వాత రమ్మన్నాడు.

నాలుగో రోజుకి వెళ్తే బల్ల మీద ఫైలుంది. చిన్నది, పలచగా, దారంతో కట్టి. పేరుకున్న దుమ్ము తుడిచి ఉంది. అంటే నాకన్నా ముందు తెరిచి చూశాడన్నమాట. వారసులు తన ఎదుట కూర్చుని చూసుకోవచ్చని, రాసుకోకూడదని చెప్పి ముడి విప్పాడు. అతని ఫోన్ మాత్రం బల్ల మీదే ఉంది, కెమెరా పైకి ఉండేలా బోర్లా పెట్టి.

పై కాగితం ఉత్తర్వు. మూడే వరుసలు. ఫలానా పేరు గల ఫలానా వీధి నివాసీ, ఫలానా పేరు గల అతనూ ఒకే వ్యక్తి అని ఈ కోర్టు నిర్ధారించింది. సీలు, సంతకం. అయిపోయింది, నాన్న దాటేశాడు వంతెన అనుకున్నాను.

దాని కింద తాత వాంగ్మూలం. ఒకటిన్నర పేజీ. చివర సంతకం తెలుగులో ఉంది, వంకరగా, గట్టిగా నొక్కి. ఇంట్లో తాత చేతిరాత ఎప్పుడూ చూడలేదు నేను. ముందు దాన్నే చూశాను కాసేపు. తర్వాత పైనుంచి చదివాను.

నేను విదేశీయుణ్ణి. నా దేశం ఇండియా. రేవులో కూలి పని చేసేవాణ్ణి. నా భార్యతో, కొడుకుతో ఓడలో నా దేశానికి వెళ్ళిపోతున్నాను. ఓడ కాగితాల్లో ఒక పేరు, ఇంటి జాబితాలో ఒక పేరు ఉన్నందుకు నన్ను ఆపుతున్నారు. రెండూ నా పేర్లే. వెళ్ళిన తర్వాత తిరిగి రాను, ఇక్కడ నాకేమీ వద్దు.

రెండుసార్లు చదివాను. స్థలం లేదు, వాటా లేదు. సైన్యం మొదటిసారి గద్దెనెక్కి దుకాణాలకీ రేవుకీ తాళాలేసిన రోజుల్లో మావాళ్ళు ఓడల నిండా వెళ్ళిపోయారని వింటూనే పెరిగాను. తాత ఆ వరసలో నిలబడ్డాడని ఎవరూ చెప్పలేదు. ఆ ఉత్తర్వు తెచ్చుకున్నదే వెళ్ళిపోడానికి.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో వాడు ఈ పేజీ చదివితే? విదేశీయుణ్ణి అని తాత తన నోటితో కోర్టులో చెప్పాడు. విదేశీయుడి కొడుక్కి గులాబీ కార్డు ఎందుకిస్తాడు? ఆకుపచ్చది ఇస్తే అదృష్టం. అన్నేళ్ళూ ఆ గులాబీ కార్డు ఎలా ఉందని తవ్వడం మొదలుపెడితే అది కూడా ఉండదు. పెదనాన్న కార్డుకి కూడా చుట్టుకుంటుంది.

మొత్తం ఫైలు, ఒక్క పేజీ కూడా వదలకుండా అని అర్జీలో కొట్టించింది నేనే. నకలు ఇచ్చేటప్పుడు ఎన్ని పేజీలో చివర రాసి సీలు వేస్తారు. ఒక పేజీ తీసేస్తే తెలిసిపోతుంది.

"ఊలే," అన్నాను. ఇక్కడ పెద్ద మగవాళ్ళని అలాగే పిలుస్తాం, బాబాయ్ అన్నట్టు. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "ఉత్తర్వు ఒక్కటే చాలు నాకు."

"మొత్తం కావాలని అడిగావు కదా."

"అప్పుడు తెలీక అడిగాను."

"మూడు వారాలుగా మేం పేజీలు దాస్తామని నా పై ఆఫీసరుకి వినపడేలా అన్నావు, తమీ."

అన్నాను మరి. అతను నన్ను చూశాడు, వాంగ్మూలం వైపు చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. చదివేశాడని ఆ చూపులోనే తెలిసింది. తన ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు సరిగ్గా అప్పుడే తీశాడు? అంతకుముందే పేజీ ఫొటో తీసుకున్నాడా? తర్వాత నా అర్జీ తీసుకుని, 'మొత్తం ఫైలు' అన్న మాట మీద గీత గీసి, పక్కన 'ఉత్తర్వు' అని రాసి, సంతకం పెట్టమని నా వైపు తిప్పాడు. నా సంతకం కూడా తాతది లాగే వంకరగా పడింది.

"అడిగిన కాగితమే ఇస్తాం," అన్నాడు ముడి వేస్తూ. "అడగని కాగితం ఇక్కడే ఉంటుంది. ఎవరైనా వచ్చి అడిగేదాకా."

అది ధైర్యం చెప్పడమో బెదిరించడమో ఈ రోజుకీ నాకు తెలీదు. అతను టీ ఖర్చు అప్పుడూ తీసుకోలేదు. తీసుకుని ఉంటే నేను నిద్రపోయేదాన్ని.

నకలు పట్టుకుని తిన్నగా తాకేటా వెళ్ళాను. పెదనాన్న గుమ్మంలో నిలబడి, నా ముఖం చూసి, అడగకుండానే లోపలికి నడిచాడు.

"సదివేసినావు."

"ఎందుకు ఎక్కలేదు ఓడ?"

"మీ నాయన పుట్టుకొచ్చేడు." నేల మీద కూర్చున్నాడు. "ఓడ ఎల్లేది శుక్రారం. మంగళారం పుట్టేడు. పురుడెల్లకుండా సముద్రం దాటకూడదని మా అమ్మ మొండికేసింది. పదకొండు రోజులు. మా నాయన తిట్టేడు, కొట్టబోయేడు. అది కదల్లేదు. ఓడ ఎల్లిపోయింది. ఇంకో ఓడకి మళ్ళీ కాగితాలన్నీ మొదట్నించీ కావాలన్నారు. మా నాయనకి ఓపిక లేకపోయింది. అంతే. అలగ ఉండిపోయేం."

"నాన్నకి తెలుసా?"

"నీకెందుకు పుట్టిందే ఈ బుద్ది? ఆడికి సెప్పకు. ఆడివల్లే మనం ఉండిపోయేమని ఆడికి తెలవడమెందుకు? నీ అనుమానం నాకు తెలీదనుకున్నావేటి, నేనేదో ఇల్లు మింగేసేనని?"

ఫోన్ చూసుకున్నాను, చూడ్డానికేమీ లేకపోయినా.

ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఉత్తర్వు నకలు తిరగేసి, మరగేసి, సీలు మీద గోరు పెట్టి గీకి చూశారు. చివరికి ఫైల్లో పెట్టుకున్నారు. ఐదు వారాలకి నాన్నకి గులాబీ కార్డు వచ్చింది. ఇప్పుడు రోజూ వంతెన దాటి పనికెళ్తున్నాడు. కార్డు తెచ్చుకున్న రోజు చొక్కా జేబులోంచి తీసి, చూసి, మళ్ళీ పెట్టుకుని అడిగాడు.

"ఆ ఫైల్లో మరింకేటి రాసున్నాదే?"

"ఏమీ లేదు నాన్నా. మూడు వరుసలే."

"మా నాయన సంతకం ఉందా?"

"ఉంది. తెలుగులో."

"తెలుగులోనా!" అని నవ్వాడు. అంత సంతోషంగా నవ్వడం ఈ మధ్య చూడలేదు.

ఇంకా ఆ పేజీ అక్కడే ఉంది. నంబరు నాకు తెలుసు, గుమాస్తాకి తెలుసు, ఇంటిపేరు కింద వెతకమన్న ముసలాయనకి సగం తెలుసు. కోర్టు కాగితాలు తెరిచి ఉండాలని, కావలసినవాళ్ళు ఎవరైనా వెళ్ళి చూసుకోగలగాలని మొదట కేకలేసింది నేనే. అలాంటిదానివి ఒక పేజీ కావాలనే వదిలేసి వచ్చావు, సగం చూపించి కార్డు తెచ్చుకున్నావు, అది మోసం అంటారా? అనండి. కానీ నాలుగు రోజుల పసిగుడ్డు మూలంగా తాత ఎక్కని ఓడ మీదికి, ఆ పసిగుడ్డునే ఇన్నేళ్ళ తర్వాత ఎక్కించే కాగితం నా చేత్తో తెచ్చి ఇవ్వాల్సిందని, మా నాన్న వంతెన దాటుతుండగా ఎదురుగా నిలబడి చెప్పగలరా?